నేను తవ్వించిన తేటనీళ్ల బావి

ఈగ కాళ్లతో రుచి చూస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డ ఒంట్లో ఎముకలు పెద్దవాళ్ల ఒంట్లో కంటే ఎక్కువ ఉంటాయి. కాల్లోంచి బయటపడే నారు పురుగును పుల్లకు చుట్టి రోజుకింత లాగడం మన పల్లెల్లో పుట్టిన వైద్యం కాదు, వేల ఏళ్ల కిందటి ఈజిప్టు వాళ్లు కూడా అలాగే లాగేవాళ్లని చెబుతారు. ఇలాంటి వింతలు నా దగ్గర ఒక నోటుబుక్కు నిండా ఉండేవి. పేపర్లో చదివినవి, డాక్టర్ల నోట విన్నవి, అన్నీ రాసిపెట్టుకునేవాణ్ణి. ఊళ్లోకి వెళ్లగానే ఎవరి అరుగు మీదో కూర్చుని ఒక్కొక్కటే వదిలేవాణ్ణి. జనం నోరు తెరుచుకుని వినేవాళ్లు. నాకు ఈగల సారు అని పేరు కూడా పెట్టారు.

ఆరోగ్యశాఖలో కొత్తగా చేరిన మీరు మొన్న నన్ను పిలిచి, మీ సర్వీసులో చేసిన గొప్ప పని ఒకటి చెప్పండి అని అడిగారు. ఆ రోజు దోమల గురించి నాలుగు ముక్కలు చెప్పి, టీ తాగి వచ్చేశాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ప్రభుత్వం నాకు యోగ్యతాపత్రం ఇచ్చిన పని మొత్తం సర్వీసులో ఒక్కటే ఉంది. దాని గురించే ఇది. చదివాక ఎందుకడిగామా అని నొచ్చుకుంటే నేనేమీ చేయలేను.

యాభైల నడుమ మాట. నేను పాలమూరు వాణ్ణి, నల్లగొండ జిల్లాలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా వేశారు. దేవరకొండ దారిలో బస్సు దిగి, సైకిలు మీద రెండు గంటలు తొక్కితే వచ్చే ఊరు అది. చుట్టూ రాళ్లగుట్టలు, ఆముదం, జొన్న. ఊళ్లో అందరూ తాగేది ఒక మెట్ల బావి నీళ్లు. ఆడవాళ్లు మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి కుండలు ముంచుకునేవాళ్లు. నారు పుండు ఉన్న కాలు నీళ్లలో పెడితే పురుగు తన పిల్లల్ని నీళ్లలోకి వదిలేస్తుంది. వాటిని కంటికి ఆనీ ఆనని నీటి పురుగులు తింటాయి. ఆ నీళ్లు తాగినవాళ్ల కాల్లో ఏడాది తిరిగేసరికి మూరెడు పొడుగు పురుగు తయారవుతుంది. సరిగ్గా దుక్కులు దున్నే రోజుల్లో బొబ్బలేసి బయటికి వస్తుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ ఊళ్లో సగం మగవాళ్లు మంచాల మీద ఉన్నారు.

నా పైన ఒక పెద్దాయన ఉండేవాడు. నిజాం కాలం నుంచి ఇదే పనిలో తలపండినవాడు, రేపోమాపో పెన్షను తీసుకోబోతున్నాడు. నా రిపోర్టు చదివి కళ్లజోడు తీశాడు.

"బేటా, రెండు మడతల బట్ట చాలు. కుండ మూతికి కట్టి వడపోసుకొమ్మను. నీళ్ల పురుగు బట్ట మీదనే ఆగిపోతది. ఏడాది నిలబడి చేపిస్తే నారు ఖతం."

"గింతేనా సాబ్?" అన్నాను.

"గింతే. కాని రోజూ పోయి చెప్పాలె. గదే కష్టం."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నాకే నచ్చలేదు. అప్పుడు నాకు పాతికేళ్లు. బట్టకు ప్రారంభోత్సవం చేయరు కదా. బ్లాకు ఆఫీసులో బావులకు మంజూరు దొరుకుతోంది. గిరకలు, గట్టు, సిమెంటు చప్టాతో చేదబావి తవ్విస్తాను, మెట్ల బావిని పూడ్పిస్తాను అని పట్టుబట్టాను. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని సంతకం చేశాడు. ఆయనకు నాతో వాదించే ఓపిక లేదు.

ఊరు ఒప్పుకోలేదు. తాతముత్తాతలు తాగిన బావిని పూడుస్తావా అన్నారు. అప్పుడు నా సంచిలోంచి గాజు గ్లాసు, భూతద్దం తీశాను. మెట్ల బావి నీళ్లు గ్లాసులో పోసి ఎండకు పట్టి, ఒక్కొక్కరినీ పిలిచి అద్దంలోంచి చూడమన్నాను. నీళ్లలో తెల్లటి నలుసులు ఎగిరెగిరి పడుతున్నాయి. పటేలు చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఒకామె అక్కడికక్కడే వాంతి చేసుకుంది. ఆ పూట నేను ఎంత గర్వపడ్డానో ఇప్పుడు చెప్పుకోవడానికి నోరు రావడం లేదు.

ఒప్పుకోనిది ఒక్క ముసలామె. యాభై దాటిన మనిషి, చేతిలో కొడవలి, మాట గట్టి. ఆమె ఒక్కగానొక్క కొడుకు నారుతో నెలన్నరగా మంచంలో ఉన్నాడు. అందరికంటే ముందు ఆమే ఒప్పుకోవాలి, ఆమే అడ్డం పడింది.

"బావి తవ్వుతె తవ్వు సారు. గాని అడుగు రాతిగుండు పగలగొట్టి లోతుకు పోకు. మా తల్లిగారూర్ల గట్లనే తవ్విండ్రు. నీళ్లు అద్దం లెక్క ఉంటయి. తాగినోళ్లు నడుములు వంగిపోయిండ్రు. చిన్నప్పుడు తాగినందుకు నా పండ్లు చూడు, గిట్లయినయి."

పళ్లు బయటపెట్టి చూపించింది. ముందు పళ్ల మీద ముదురు గోధుమరంగు చారలు. నేను నవ్వాను. చుట్టూ జనం ఉన్నారు, నా మాట నెగ్గుతోంది, అలాంటప్పుడు ఎవడైనా నవ్వుతాడు.

"పొగాకు నమిలి నీళ్ల మీద పెడ్తవా అవ్వా?"

"నేను పొగాకు ముట్టలే బిడ్డా. ఒట్టు."

"చిన్నప్పుడు తాగిన నీళ్లకు ఇప్పుడు పండ్లు నల్లబడ్తయా? నా బుక్కుల గీ వింత లేదు. రాసుకుంట ఆగు."

ఊరంతా ఘొల్లుమంది. ఆమె నోరు మూసుకుని కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత నేను ఎప్పుడు కనబడినా కొంగు తీయకుండానే మాట్లాడేది.

ఒడ్డెరవాళ్లు వచ్చి తవ్వారు. మూడు నిలువులకు నీళ్లు పడ్డాయి కానీ పలచన. మేస్త్రి ఇక చాలన్నాడు. ఎండాకాలం ఎండిపోతే నా పరువు పోతుందని నేనే మందుగుండు పెట్టించి గుండు పగలగొట్టించాను. తొమ్మిది నిలువుల దగ్గర ఊట తగిలింది. అంత తేటనీళ్లు ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. సీసాలో పట్టి పరీక్షకు హైదరాబాదు పంపాను. ఏమేమి పరీక్షించాలో రాయమని కాగితంలో ఖాళీ ఉంది. పురుగులు, రోగక్రిములు అని రాశాను. నాకు తెలిసిన శత్రువులు వాళ్లిద్దరే. ఏవీ లేవు, తాగవచ్చు అని జవాబు వచ్చింది. కొత్త బావిలోంచి తీసిన రాళ్లతోనే పాత బావిని పూడ్పించాను. మళ్లీ తవ్వుకోకుండా పైన మట్టి పోయించి దిమ్మిస కొట్టించాను.

రెండేళ్లలో ఆ ఊళ్లో నారు లేకుండా పోయింది. ముసలామె కొడుకు లేచి నాగలి పట్టాడు. నాకు యోగ్యతాపత్రం వచ్చింది, దాంతోపాటు మహబూబ్‌నగర్‌కు బదిలీ. అక్కడ ఏడేళ్లు పనిచేశాను. కొత్త కుర్రాళ్లకు ఈ బావి కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఒక్క సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఊరి బయట ఒక వాడ ఉంది. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన వాళ్లది. వాళ్లకు మెట్ల బావిలోకి దిగే హక్కు ఎప్పుడూ లేదు. వాగు ఇసుకలో చెలిమె తోడుకుని, ఊరిన నీళ్లలో కాలు పెట్టకుండా ముంత ముంత ముంచుకుని తాగేవాళ్లు. కొత్త బావి సర్కారు బావి, అందరిదీ అని నేను పటేలుతో ఒకసారి అన్నాను. చూద్దాం సారు అన్నాడు. రెండోసారి నేను అనలేదు. వాడలో నారు ఒక్కరికి కూడా లేదని నా రిజిస్టర్లో నా చేతిరాతతోనే ఉంది. ఎందుకు లేదో అని ఒక్కసారైనా ఆలోచించలేదు.

అరవైల నడుమ మళ్లీ నల్లగొండకు వేశారు. అప్పటికి పెద్దాయన చనిపోయాడు. అదే సంవత్సరం హైదరాబాదు నుంచి ఒక డాక్టరు వచ్చాడు, ఎముకల జబ్బు మీద ఊళ్లు తిరుగుతున్నాడు. దారి చూపించడానికి నన్ను తోడు ఇచ్చారు. జీపులో కాగితం చేతికిచ్చి ఈ ఊళ్లు తెలుసా అన్నాడు. మూడో పేరు ఆ ఊరే. తెలుసండీ, అక్కడ బావి నేనే తవ్వించాను అన్నాను, కొంచెం గర్వంగానే. ఆయన నా వంక ఒకసారి చూసి కాగితం వెనక్కి తీసుకున్నాడు.

బడి దగ్గర దిగాం. పిల్లలు చుట్టూ మూగారు. డాక్టరు నవ్వమన్నాడు. ఏడెనిమిదేళ్ల పిల్లలు, కొత్తగా వచ్చిన ముందు పళ్లు. ఒకరి తర్వాత ఒకరు పెదవులు విప్పారు. సుద్దలాగా పాలిపోయిన పళ్లు, వాటి మీద గోధుమరంగు చారలు. ఆ చారలు నాకు తెలుసు. నేను వెళ్లి బడి మెట్టు మీద కూర్చున్నాను.

డాక్టరు ఆ మెట్టు మీదే నా పక్కన కూర్చుని చెప్పాడు. నేల కింది గుండులో ఒక ఖనిజం ఉంటుందట, దాన్నుంచి ఫ్లోరైడ్ అనేది నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు ఎంత లోతున, ఎంత కాలం రాతిని అంటుకుని ఉంటే అంత ఎక్కువ. రంగు లేదు, వాసన లేదు. మరిగిస్తే పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఎండలో కష్టం చేసి ఎక్కువ నీళ్లు తాగేవాడి ఎముకలే ముందు బిగుసుకుపోతాయి. ఇదే పదార్థం పిసరంత ఉంటే పళ్లకు మంచిదని కొన్ని దేశాల్లో కావాలని నీళ్లలో కలుపుతారట. నోటుబుక్కు నా జేబులోనే ఉంది. ఇంతకు మించిన వింత నేను వినలేదు. దాన్ని రాసుకోలేదు.

"పళ్లు బాగున్న పిల్లలే లేరా?" అని డాక్టరు చుట్టూ చూశాడు. బడి బయట, వేపచెట్టు కింద విడిగా నిలబడ్డ పిల్లలు కనిపించారు. వాడ పిల్లలు. పిలిచి నవ్వమన్నాడు. మల్లెమొగ్గల్లాంటి పళ్లు, అందరికీ. వాళ్లెక్కడ నీళ్లు తాగుతారని నన్నే అడిగాడు. నేనే చెప్పాను. ఊరు వాళ్లని నా బావి దగ్గరికి రానివ్వనందుకు వాళ్ల పిల్లలు బతికిపోయారు. నేను ఇంకాస్త మంచివాణ్ణయి, రెండోసారి పటేలుతో కొట్లాడి ఉంటే వాళ్ల పిల్లలకూ ఆ నీళ్లే పోసి ఉండేవాణ్ణి. ఇది ఎలా తీసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

వాడకు వెళ్లి పెద్దమనిషిని అడిగాం, చెలిమె నీళ్లు ఊరికి కూడా ఇస్తారా అని.

"తోడుకపొమ్మనుండ్రి సారు. వాగు మా అబ్బసొమ్మా? మేమైతే వద్దనం. వాళ్లే రారు," అన్నాడు.

ఆయన చెప్పినట్టే అయింది. చావడి ముందు ఊరిని కూర్చోబెట్టి నేను నిలబడి చెప్పాను. ఈ బావి నీళ్లు తాగొద్దు, తాగడానికి మటుకు చెలిమె నీళ్లు తెచ్చుకోండి అన్నాను. పటేలుకు అప్పటికే మెడ తిరగడం లేదు, ఒళ్లంతా తిప్పి నన్ను చూశాడు.

"గప్పుడు మీరే గద సారు గలాసుల పురుగులు చూపెట్టిండ్రు. గీ నీళ్లల్ల ఏమున్నదో గది గూడ చూపెట్టుండ్రి. చూస్తం."

"కండ్లకు కనపడదు పటేలా."

"వాసనొస్తదా?"

"రాదు."

"రుచి తెలుస్తదా?"

"తెల్వది."

"మరి మీకెట్ల తెలిసింది?"

అందరూ నవ్వారు. ఒకప్పుడు నేను వాళ్లని నవ్వించినట్టే ఆయన నవ్వించాడు. వెనక నుంచి ఎవరో, "వాడోళ్లు ముంచిన చెలిమె నీళ్లు మేం తాగాల్నా? గిది నోటితోని అనే మాటేనా సారు?" అన్నారు. నవ్వు ఆగిపోయింది. ఆ ముక్కతో సభ అయిపోయింది. ఒక్కొక్కరే తుండు దులుపుకుని లేచి వెళ్లిపోయారు. డాక్టరు ఏదో రాసుకుంటున్నాడు. ఆయన పని రాసుకోవడమే.

ముసలామె కొడుకు మాత్రం వెళ్లలేదు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ పున్నెమే సారు, నా కాలు మల్ల లేశింది. ఇంటికి రాండ్రి," అన్నాడు. అతని కృతజ్ఞత నేను భరించలేకపోయాను. అయినా వెళ్లాను.

వాకిట్లో ఎనిమిదేళ్ల పిల్ల గోడ పట్టుకుని నిలబడి ఉంది. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి, పిక్కలు చెరో వైపుకు వంకర తిరిగాయి. బావి తెరిచిన ఏడాదికి పుట్టిన పిల్ల. గోడ వదిలి నా దగ్గరికి రావాలని చూసింది, నాలుగు అడుగులకు ఆయాసపడి కూర్చుంది. దాని తల్లి చంకలో ఇంకో పసిపిల్ల, ఇంకా అడుగులు రాలేదు. ముసలామె మూల మంచం మీద ఉంది. నడుము బిగుసుకుపోయి లేవలేదు. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కోడలు సభలో ఆడవాళ్ల వెనక నిలబడి అంతా విన్నదట. సూటిగా అడిగింది.

"సారూ, నేను తెస్త చెలిమె నీళ్లు. ఎవరేమన్న అననీ, కులంల కెల్లి తీసేస్తె తీసెయ్యనీ. ఒక్కటి చెప్పుండ్రి. గవి తాగితె నా బిడ్డ కాళ్లు సక్కగైతయా?"

జవాబు నాకు తెలుసు. డాక్టరు దారిలోనే చెప్పాడు. వంగిన ఎముక చక్కబడదు, దీనికి మందు లేదు. పెద్దదానికి ఏమీ చేయలేం, చిన్నదాన్ని మాత్రం కాపాడుకోవచ్చు. ఆ రెండు మాటలూ చెబితే సరిపోయేది. ఆమె ఊరిని ఎదిరించడానికి సిద్ధంగా ఉంది. ఇంతకంటే గొప్ప సాయం నా సర్వీసులో ఎవరూ నాకు అందివ్వలేదు.

నేను ఆ పిల్ల మొహం చూశాను. అది నన్నే చూస్తోంది. తండ్రి నా పక్కనే చేతులు కట్టుకుని ఉన్నాడు. నీ బిడ్డ ఇక ఇంతే అనే మాట నా నోటి నుంచి రాలేదు. ఇరవై ఊళ్లలో గంటల కొద్దీ మాట్లాడిన నోరు.

"నల్లగొండ దవాఖానకు చీటీ రాస్త. తీస్కపోండ్రి," అన్నాను.

ఆమె మొహం విప్పారింది. "అయితే నయమైతదా? మరి చెలిమె నీళ్లు?"

"ముందుగాల దవాఖానకు పోయి రాండ్రి. తర్వాత చూద్దాం."

నోటుబుక్కులోంచి కాగితం చింపి రాసిచ్చాను. డాక్టరు గారికి, దయచేసి ఈ పిల్లను చూడవలెను. కింద సంతకం, హోదా. ఆమె దాన్ని కళ్లకు అద్దుకుంది.

బయటికి వస్తుంటే ముసలామె మంచం మీది నుంచే పిలిచింది. దగ్గరికి వెళ్లి వంగాను.

"మందున్నదా బిడ్డా?"

ఆమెకు మాత్రం అబద్ధం చెప్పలేకపోయాను. "లేదవ్వా."

"మరెందుకు రాసినవ్?"

నేను నోటుబుక్కు జేబులో పెట్టుకున్నాను. ఆమె నన్నే చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. మొహం గోడవైపు తిప్పుకోవాలనుకుంది కానీ మెడ తిరగలేదు. కళ్లు మూసుకుంది.

కోడలికి నిజం చెప్పి రావడానికి వారం తిరక్కుండా మళ్లీ వెళ్లాలనుకున్నాను. వెళ్లలేదు. ఆ నెలలోనే బదిలీ అడిగి వెళ్లిపోయాను. డాక్టరు రిపోర్టు పైకి వెళ్లింది. దాని మీద చర్య పరిశీలనలో ఉందని నాకు ఒక కాపీ వచ్చింది. నేను దాన్ని ఫైలులో పెట్టి దారం కట్టాను.

కొన్నేళ్లకు నల్లగొండ దవాఖానలో పనిచేసిన కాంపౌండరు ఒకరు కలిశాడు. నా పేరు వినగానే గుర్తుపట్టాడు. మీ సంతకం ఉన్న చీటీ పట్టుకుని ఒక జంట ఎడ్లబండిలో వచ్చేవాళ్లు సార్ అన్నాడు. మందు లేదని డాక్టరు చెబితే, సారు రాసిచ్చిండు గద, మల్ల జర చూడుండ్రి అనేవాళ్లట. మడతల దగ్గర చిరిగిపోతే గంజితో ఇంకో కాగితం అతికించి అదే చీటీ తెచ్చేవాళ్లట. ఎన్నిసార్లు వచ్చారని అడిగాను. నాలుగుసార్లు అన్నాడు. నాలుగోసారి బండిలో కాళ్లు వంగిన పిల్లలు ఇద్దరున్నారని చెప్పాడు.